నెత్తిన చేపల బుట్ట, సంచిలో టేపు రికార్డరు

ఈ ప్రయాణానికి కారణం నా నోరు.

తొంభైల చివర్లో నేను రేడియోలో క్యాజువల్‌గా పని చేసేవాణ్ణి. నెలకు ఐదారుసార్లు కబురు వచ్చేది. వచ్చినప్పుడల్లా టేపు రికార్డరు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగి చప్పుళ్ళు పట్టుకురావాలి. తిరనాళ్ళ చప్పుడు, సంత చప్పుడు, పడవ రేవు చప్పుడు. చిక్కల్లా ఏమిటంటే, నేను తెచ్చిన ప్రతి టేపులోనూ ఆ చప్పుళ్ళ కంటే నా మాటలే ఎక్కువ ఉండేవి. పడవవాడు తెడ్డు వేస్తుంటే నేను పక్కన కూర్చుని "ఆహా, తెడ్డు వేస్తున్నాడు" అనేవాణ్ణి. అనకుండా ఉందామనే అనుకుంటాను. నోరు వినదు.

మా ప్రొడ్యూసరు సుభద్రగారు నా గంగిరెద్దుల టేపు విని, చెవులకు పెట్టుకున్నవి తీసి బల్ల మీద పెట్టారు. "ఇందులో ఎద్దు కూడా నిన్ను కాసేపు ఆగమంటోందయ్యా" అన్నారు. ఆ తరువాత ఆవిడ నవ్వలేదు. "నర్సీపట్నంలో కంచరి వీధి అని పాత వీధి ఉందట. ఇత్తడి పనివాళ్ళ వీధి. వచ్చే ఏడాది రోడ్డు వెడల్పు చేస్తారట, ఈలోగా ఆ వీధి చప్పుడూ, దాని కథా పట్టుకురా. సోమవారం పొద్దున్న టేపు నా బల్ల మీద ఉండాలి. అందులో నీ గొంతు వినబడితే మాత్రం నిన్ను ఇంక పిలవను."

నాకు చేతనైన పనీ ఇష్టమైన పనీ ఈ భూమ్మీద అదొక్కటే. రెండు ఖాళీ క్యాసెట్లు, ఆరు బ్యాటరీలు, నాలుగు జతల బట్టలు సర్దుకుని గురువారం బయల్దేరాను. నోటికి తాళం వేసుకోమని మా ఆవిడ చెప్పింది. తాళంచెవి ఇంట్లోనే పెట్టి వెళ్ళమని కూడా చెప్పింది.

నర్సీపట్నం లేని నర్సీపట్నం రోడ్

మీరు ఎప్పుడైనా వెళ్తే ఈ సంగతి గుర్తుంచుకోండి. నర్సీపట్నం రోడ్ అని ఒక రైల్వే స్టేషన్ ఉంది. పేరు చూసి అక్కడ దిగకండి. నేను దిగాను.

దిగాక చూస్తే ప్లాట్‌ఫారం మీద నేనూ, ఒక మేకా. మేక కూడా నర్సీపట్నానికి కాదు. స్టేషన్లో ఆయన్ని "ఊరెటండీ?" అని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూసి, "పేర్లో రోడ్డని రాసుంది కదండీ. ఆ రోడ్డట్టుకుని ఓ పాతిక ముప్పై కిలోమీటర్లు ఎల్లాలండి" అన్నాడు. మా గుంటూరు వైపు స్టేషనుకి ఊరి పేరు పెడితే ఊరు కనీసం కనిపించే దూరంలో ఉంటుంది. యలమంచిలిలో దిగి ఉంటే హాయిగా బస్సు దొరికేదని ఆయనే చెప్పాడు. అప్పటికి రైలు వెళ్ళిపోయింది.

ఆటో మీద మెయిన్ రోడ్డుకి వచ్చి నర్సీపట్నం బస్సెక్కాను. టికెట్టు ఎనిమిది రూపాయలు. నా పక్కన యాభై ఏళ్ళ ఆవిడ, ముక్కుకి రెండు వైపులా ముక్కుపుడకలు, ఒళ్ళో చుట్టిన గుడ్డ కుదురు. ఆవిడ పేరు నూకాలమ్మ. నక్కపల్లి అవతల సముద్రపు ఒడ్డు పల్లె. ఆవిడ చేపల బుట్ట బస్సు పైన ఉంది. ఆ సంగతి నాకెలా తెలిసిందంటే, బుట్టలోని నీళ్ళు కిటికీలోంచి బొట్టు బొట్టుగా నా చొక్కా మీద పడుతున్నాయి. మా ఇంట్లో చేప అంటే పంచాంగంలో మీనరాశి ఒక్కటే. నేను కిటికీ వేయబోయాను.

"ఏసీకు బాబూ, సేపలకి గాలాడాల" అంది ఆవిడ. చేపలు బస్సు పైన ఉంటే కిటికీకీ వాటికీ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు. కానీ ఆ గొంతు వింటే ఎదురు చెప్పబుద్ధి కాదు. డ్రైవరు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

"ఆ సంచిలో ఏటి? టిపినా?"

"టేపు రికార్డరమ్మా. రేడియో వాళ్ళం."

"అయితే ఓ పాటెయ్యి."

"ఇది పాటలు వేసేది కాదు. చప్పుళ్ళు పట్టుకునేది. వీధిలో చప్పుళ్ళు పట్టుకెళ్ళి అందరికీ వినిపిస్తాం."

ఆవిడ నా సంచిని వేలితో పొడిచి చూసింది. "ఆలకి సెవుల్లేవేటి?" అంది.

దానికి జవాబు చెప్పడానికి నాకు ఊరు వచ్చేదాకా పట్టింది. ఆవిడ మధ్యలోనే నిద్రపోయింది.

చప్పుడు చెయ్యని వీధి

కంచరి వీధి పొడవు మహా ఉంటే రెండు వందల గజాలు. రెండు వైపులా ఎత్తు అరుగుల ఇళ్ళు, పెంకుల కప్పులు. మొదట్లో ఒక టీ హోటలు, తరువాత పిండిమర, మంగలి కొట్టు, ఆ తరువాత కంచరి వాళ్ళ అరుగులు. ఒకప్పుడు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ప్రతి అరుగు మీదా సుత్తి మోగేదట. ఇప్పుడు నాలుగే మోగుతున్నాయి. మిగతా అరుగుల మీద ప్లాస్టిక్ బిందెలు పెట్టి అమ్ముతున్నారు. రోడ్డు వెడల్పు చేస్తే ఆ అరుగులు కూడా పోతాయి.

శుక్రవారం మధ్యాహ్నం వీధి మొగలో నిలబడి విన్నాను. నాలుగు సుత్తులు నాలుగు రకాలుగా మోగుతున్నాయి. పిండిమర గురక పెడుతోంది. హోటల్లో పంపు స్టవ్వు బుసకొడుతోంది. నా ఆనందం చెప్పలేను. ఇంక చాలు, సోమవారం సుభద్రగారి ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చోవచ్చు అనుకుని మైకు బయటికి తీశాను.

తీయడమే నేను చేసిన తప్పు. హోటలు యజమాని సన్యాసిరావు మైకు చూశాడు. నెత్తిన నల్ల స్పాంజి టోపీ పెట్టుకున్న మైకు. అట్లకాడ పట్టుకుని బయటికి వచ్చాడు.

"తమరు రేడియో నుంచా అండీ?"

"అవునండీ. మీ వీధి చప్పుడు రికార్డు చేసుకుందామని."

సన్యాసిరావు వీధి వైపు తిరిగి, అట్లకాడ పైకెత్తి, "ఒల్లకోండర్రా, ఊర్కోండి! రేడియో ఆఫీసరు గారొచ్చినారు! సప్పుడు సేసినోడి తాట తీసెత్తాను!" అని అరిచాడు.

వీధి ఆగిపోయింది. పిండిమర ఆగింది. నాలుగు సుత్తులూ ఆగాయి. మంగలి సగం గడ్డంతో ఉన్న మనిషిని అలాగే వదిలేసి కత్తి కింద పెట్టాడు. స్టవ్వు బుస సన్యాసిరావే ఆపేశాడు. ఒక ముసలాయనకు దగ్గు వస్తే ఇంట్లోకి వెళ్ళి, తలుపు వేసుకుని, దగ్గి, తలుపు తీసుకుని వచ్చాడు. కోడిపుంజు ఒకటి కూతకు మెడ ఎత్తేలోగా ఎవరో దాని మీద గంప బోర్లించారు.

"అయ్యో, ఆపకండి! మీ పని మీరు చేసుకోండి! నేను లేననుకోండి!" అని నేను ఆ చివర నుంచి ఈ చివరికి అరుచుకుంటూ తిరిగాను. వాళ్ళు చేతులు కట్టుకుని, చిరునవ్వుతో తలలూపారు. ఇద్దరు లోపలికి వెళ్ళి ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని వచ్చారు. సాయంత్రం లాడ్జిలో టేపు వింటే ఒక వైపంతా ఒక్క గొంతే ఉంది. "మాట్లాడండి! బాబ్బాబు, మాట్లాడండి!" అని ఎవడో గోల పెడుతున్నాడు. ఆ వీధిలో చప్పుడు చేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

పులుసులో బెల్లం, కథలో గుర్రం

శనివారం పొద్దున్నే నా గొంతు బొంగురుపోయింది. బస్సులో కలిసిన నూకాలమ్మ చేపలమ్మేది ఈ వీధిలోనేనని తెలిసి ఆవిడ కోసం చూశాను, రాలేదు. ఆవిడ కేక వేస్తే వీధి ఈ చివర నుంచి ఆ చివరికి వినబడుతుందనీ, పసిపిల్లలు ఆ కేకకే నిద్రలేస్తారనీ అందరూ చెప్పారు. "శనివారం వెంకన్నబాబు వారం కదండీ, సేపలెవులు తింటారు? ఆదివారం పొద్దున్న బస్సుకొత్తాది" అన్నాడు సన్యాసిరావు. ఉపమాకలో కొండ మీది స్వామికి ఈ చుట్టుపక్కల అంత భయమూ భక్తీ ఉన్నాయి. మా ఇంట్లో శనివారం ఉపవాసం ఉండేది మా అత్తగారొక్కతే, అదీ సాయంత్రం దాకానే.

మధ్యాహ్నం ఆయన హోటల్లోనే భోజనం చేశాను. పదిహేను రూపాయలు. ఆవపెట్టిన అరటికాయ కూర ముక్కులోంచి నెత్తికి ఎక్కింది, అది బాగానే ఉంది. ఆ తరువాత గుమ్మడికాయ పులుసు వచ్చింది. నోట్లో పెట్టుకుంటే పాయసం. ఎవరో పొరపాటున బెల్లం పడేశారని చెప్పాను.

"పొరపాటేటండి, అడ్డెడు బెల్లం ఏసినాను" అన్నాడు సన్యాసిరావు గర్వంగా. "మీకు తీపి సాల్లేదేటి? ఒరే, బాబుగారికి ఇంకాస్త బెల్లం తే!"

నేను కారం అడిగాను. కారప్పొడి తెచ్చి ఇస్తూ, పక్కనున్నవాళ్ళకు నన్ను చూపించాడు. నేను కలుపుకుని తింటుంటే నలుగురు లేచి నిలబడి చూశారు.

తిన్నాక ఇత్తడి చెంబు కొనే నెపంతో కంచరి అరుగు ఎక్కాను. కొనేవాణ్ణి చూసి సుత్తి ఆపరు కదా అని నా ఎత్తు. అక్కడ పెద్దాయన అప్పలాచారిగారు. డెబ్భై దాటాయి. మోకాలి మీద గిన్నె బోర్లించుకుని, సుత్తి ఎత్తినవాడల్లా నన్ను చూసి దించేశాడు. లేచి తన పీట నాకిచ్చాడు.

"సుత్తి ఆపకండి ఆచారిగారూ. మీ సుత్తి చప్పుడు కోసమేనండీ ఇంత దూరం వచ్చింది."

"కొట్టాలనే ఉందండి బాబూ," అన్నాడాయన. నిజంగానే ఆయన చెయ్యి సుత్తి మీదే ఉంది. "మా నలుగురం పోతే ఈ వీధిలో సుత్తి ఉండదు. మా మనవలకి ఇనిపించడానికైనా ఓసారి రేడియోలో రావాలని నాకూ ఉంది. గానండి, ఆఫీసరు గారు వీధిలో ఉండగా సుత్తి ఎత్తకూడదు. అది మా ముత్తాత ఇచ్చిన మాట."

అప్పుడు చెప్పాడు ఆ వీధి కథ. ఆయన ముత్తాత రోజుల్లో ఒక తెల్లదొర గుర్రమెక్కి ఏజెన్సీ కొండలకు వెళ్తూ ఈ వీధిలోకి వచ్చాడట. ముప్పై సుత్తుల మోతకు గుర్రం బెదిరి, దొరను పేడకుప్ప మీద పడేసింది. దొర లేచి, దులుపుకుని, ఇక మీదట ఆఫీసరు ఎవరొచ్చినా సుత్తి ఆపాలని ముత్తాత చేత మాట తీసుకున్నాడు. దొరలు పోయారు, గుర్రాలు పోయాయి. మాట ఉంది. తహసీల్దారు వచ్చినా, కరెంటు మీటరు చూసే ఆయన వచ్చినా, ఓట్ల లిస్టు రాసేవాళ్ళు వచ్చినా సుత్తులు ఆగుతాయి. అంచేత ఈ వీధి చప్పుడు ఇంతవరకూ ఏ ఆఫీసరూ వినలేదు. చాలా నిశ్శబ్దంగా, శుభ్రంగా ఉండే వీధి అని పై ఆఫీసుల్లో పేరుందట.

"దొర కాదు, తాసీల్దారు!" అని సన్యాసిరావు రోడ్డు మీంచి అరిచాడు. "గుర్రం కూడా కాదు, గాడిద! మా తాత కళ్ళారా సూసినాడు!"

"మీ తాత ఏటి సూసినాడోయ్! పేడకుప్ప మీ తాతదే! దొర పడ్డాడని నష్టపరిహారం అడిగినాడు!"

ఇద్దరూ అరుగు దిగి రోడ్డు మధ్యకు వచ్చారు. మంగలి గుర్రం పక్షం, పిండిమర ఆయన గాడిద పక్షం. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి తలో మాటా వేశారు. వీధి వీధంతా మోగిపోయింది. నేను సంబరంగా కిందికి చూస్తే, క్యాసెట్టు అయిపోయి ఎప్పుడో ఆగిపోయింది. రెండోది సంచి అడుగునుంచి తీసి, కాగితం చింపి, లోపల పెట్టేసరికి సన్యాసిరావు నా చేతుల వైపు చూసి, "ఊర్కోండి, ఊర్కోండి, ఆఫీసరు గారు మిషనెట్టుతున్నారు" అన్నాడు. అందరూ ఊరుకున్నారు.

ఆ సాయంత్రం లాడ్జి గదిలో మంచం మీద కూర్చుంటే ఏడుపు వచ్చినంత పనయింది. ఒక్క క్యాసెట్టు మిగిలింది. ఒక్క పూట మిగిలింది. సుభద్రగారు అన్నమాట తప్పే మనిషి కాదు.

సరుకు ఎవరిదో కేక వారిదే

ఆదివారం పొద్దున్న వీధి మొగలో నూకాలమ్మ అడుగు పెట్టింది. నెత్తిన బుట్ట, దాని మీద తడిగుడ్డ. నేను పరుగెత్తుకుంటూ ఎదురెళ్ళాను. అంతకంటే ముందు సన్యాసిరావు వెళ్ళి అట్లకాడ అడ్డం పెట్టాడు. "ఆఫీసరు గారు వీధిలో ఉన్నారే. ఆరెల్లేదాకా కేకెయ్యకు."

ఆవిడ బుట్ట దించి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

"నువ్వా! సప్పుళ్ళు పట్టుకునే బాబువి నువ్వే కదూ? నీ మిషను మూలాన నా కవళ్ళు ఎండిపోతన్నాయి. కేకెయ్యకపోతే ఎవులికి తెలుత్తాది నానొచ్చినట్టు? బుట్టలో సేప మిగిలిపోయి ఎనక్కెల్తే రేపు మావోడి వలలో పీత కూడా పడదు."

కవళ్ళంటే వేలెడంత చేపలు, వెండిలాగా మెరుస్తున్నాయి. నాకు సిగ్గనిపించింది, నిజంగా బాధ కూడా వేసింది. అప్పటికప్పుడు ఒక ఉపాయం తట్టింది. "అమ్మా, బుట్టంతా నేను కొనేస్తాను. నీకు చేప మిగలదు. నువ్వు మాత్రం నా మిషను దగ్గర ఒక్క కేక వెయ్యి."

"రెండొందల యాభై" అంది ఆవిడ. నేను బేరమాడలేదు. నోట్లు ఇచ్చి, మీట నొక్కి, రికార్డరు సంచి భుజాన సర్దుకుని, "ఊఁ, కానీ తల్లీ" అన్నాను.

ఆవిడ నోట్లు కొంగున ముడివేసుకుని నిలబడింది.

"కేక?"

"నానెలాగేత్తాను? సేపలు నీయి. సరుకు ఎవులిదో కేక ఆలదే. ఒకల సరుక్కి ఇంకోలు కేకేత్తే గంగమ్మ తల్లి ఊరుకుంటాదేటి? మా అమ్మా ఎయ్యలేదు, మా అమ్మమ్మా ఎయ్యలేదు."

"మరి ఈ చేపలు నేనేం చేసుకోను? నేను చేపలు తిననమ్మా!"

"తినకపోతే అమ్ముకో. బేగి అమ్ముకో, ఎండెక్కుతంది."

ఏదో అనబోయేలోగా గుడ్డ కుదురు నా నెత్తిన పడింది. దాని మీద బుట్ట. చెవుల వెనక నుంచి చల్లగా నీళ్ళు మెడలోకి దిగాయి. మా ఆవిడ ఇస్త్రీ చేసి పెట్టిన చొక్కా అది. నూకాలమ్మ వెనక నుంచి వీపు మీద ఒక్కటి చరిచి, "కేకెయ్యి!" అంది.

"చేపలండీ... చేపలు కావాలాండీ..." అన్నాను.

"సచ్చినోడింటికొచ్చినట్టు అదేటి? కడుపులోంచి రావాల. సే... పలో! కవళ్ళో... సేపలో!" అని మెల్లగా, నా చెవికి మాత్రమే వినబడేట్టు చెప్పింది. మెల్లగా చెబితే కేక కాదట. అది గంగమ్మకు పట్టదట.

రెండోసారి అరిచాను. మూడోసారి ఇంకాస్త గట్టిగా. బొంగురుపోయిన గొంతు కదా, నాలుగోసారికి అది నా గొంతులా లేదు. కాకినాడ రేవులో స్టీమరు కూతలా ఉంది. ఇళ్ళలోంచి తలలు బయటికి వచ్చాయి. సన్యాసిరావు చేతిలోని అట్లకాడ కింద పడింది.

అప్పలాచారిగారి అరుగు దగ్గరికి వచ్చేసరికి ఆయన సుత్తి దించబోయి ఆగాడు. సుత్తి గాల్లో ఉంది. "అయ్యా, ఆఫీసరు గారూ, ఇదేటండీ?"

"ఆపీసరు కాడు. సేపలోడు. సేపలమ్మేవోడికి మర్యాదేటి, కొట్టుకోండి!" అంది నూకాలమ్మ వెనక నుంచి.

ఆచారిగారు నా నెత్తి వైపూ, కారుతున్న నీళ్ళ వైపూ చూశాడు. ముత్తాత మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టున్నాడు. "ఆఫీసరన్నోడు నెత్తి మీద బుట్టెత్తుకోడు" అన్నాడు చివరికి, తీర్పు చెప్పినట్టు. "బుట్టెత్తుకున్నోడు ఆఫీసరు కాడు. కొట్టండ్రా!"

నాలుగు సుత్తులూ ఒక్కసారి పడ్డాయి. ఆయనది బరువుగా, నిదానంగా. పక్క అరుగు మీది రెండూ ఒకదాని వెనక ఒకటి చకచకా. నాలుగోది ఎక్కడో చివర, సన్నగా, ఆలస్యంగా. ఇత్తడి మోత ఎదుటి గోడకు తగిలి తిరిగి వచ్చి నా బుట్టలోనూ మోగింది. ఇంత చిన్న వీధికి ఇంత గొంతుందని నేను అనుకోలేదు. ఆ క్షణాన రేడియో, సోమవారం, సుభద్రగారు ఏదీ గుర్తు లేదు. ఎందుకంటే నా ముందు ముగ్గురు ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు.

"పోగెంత?"

"పది... పదిహేను?"

"తాజావేనా, నిన్నటివా?"

"నాకు తెలియదండీ. నేను శాకాహారిని."

వీధి ఒక్కసారిగా గొల్లుమంది. పిండిమర ఆయన మర ఆపకుండానే బయటికి వచ్చి, "ఏటేటీ, మళ్ళీ సెప్పండి!" అన్నాడు. నూకాలమ్మ నా డొక్కలో పొడిచి, "సముద్రంలోంచి తిన్నగా నీ కాడికే వచ్చినాయని సెప్పవేటి!" అంది. నేను అలాగే చెప్పాను. "మెత్తబడ్డాయి" అని ఒకామె, "మీరూ ఎండలో నిలబడితే మెత్తబడతారండీ" అని నేను. "కొసరెయ్యి" అని ఇంకొకామె, కొసరంటే ఎంతో తెలియక గుప్పెడు వేశాను. దాంతో వీధిలో ఉన్నవాళ్ళందరూ వచ్చేశారు. గంప కింది కోడిపుంజు బయటపడి కూసింది. శుక్రవారం నాటి సగం గడ్డం మనిషి మంగలి కొట్లోంచి నురగతోనే వచ్చి రెండు పోగులు కొన్నాడు. దగ్గు ముసలాయన బయటే నిలబడి హాయిగా దగ్గాడు. గుర్రమూ గాడిదా మళ్ళీ మొదలయ్యాయి.

బుట్టలో ఆఖరి పోగు మిగిలినప్పుడు నా భుజం మీద ఏదో టక్కుమంది. సంచి తెరిచి చూశాను. క్యాసెట్టు ఒక వైపు పూర్తిగా తిరిగి ఆగింది. కేక కోసం మీట నొక్కి, ఆపడం మరిచిపోయాను. అరగంట వీధి అంతా అందులో ఉంది. నేను కూడా ఉన్నాను, మొదటి నుంచి చివరి దాకా.

ఆఖరి పోగు నూకాలమ్మకే ఇచ్చాను. ఇస్తే పుచ్చుకోలేదు. పది రూపాయలిచ్చి కొనుక్కుంది. "ఖాళీ బుట్ట, ఇంక కేకెయ్యకు" అని, బుట్టా కుదురూ నా నెత్తి మీంచి తీసుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

సోమవారం

రైల్లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. చొక్కా వాసన అలాంటిది. ఆ వాసన మూడు ఉతుకులకూ పోలేదు, మా ఆవిడ కోపం నాలుగు ఉతుకులకు పోయింది.

బేరం మాటలు దాటించి కేకల దగ్గరికి తిప్పిన టేపు సుభద్రగారి బల్ల మీద పెట్టేసరికి నాకు గొంతు పూర్తిగా పోయింది. మిరియాల కషాయం ఫ్లాస్కు చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. సుత్తులు పడ్డ చోట పెన్సిలు పట్టుకున్న చెయ్యి ఆగింది. "నేను శాకాహారిని" దగ్గర కళ్ళు తెరిచి, చెవులవి లాగేసి, కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. మూడేళ్ళలో ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు.

"ఎవరయ్యా ఈ చేపలతను? ఎక్కడ పట్టావు? గొంతు చూడు, రేవు గొంతు. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. ఇన్నాళ్ళకు నువ్వు నోరు మూసుకుని ఎదుటి మనిషిని మాట్లాడనిచ్చావు. ఇతన్ని విని నేర్చుకో."

నేనే అని చెప్పాలి. చెబుదామనే నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. కాగితం మీద రాసి చూపించవచ్చు, పెన్ను నా జేబులోనే ఉంది. నేను నోరు మూసుకున్నాను. జన్మలో మొదటిసారి, అదీ నా గురించే.

"పేరేమిటి అతనిది? చివర చెప్పాలి కదా" అన్నారు. తెలియదని తలూపాను. అలాగే ప్రసారమైంది. కంచరులు అప్పలాచారిగారూ వారి వీధివాళ్ళూ, గుర్రం కథ వారిదే, గాడిద కథ సన్యాసిరావు గారిది, చేపలవాడి పేరు తెలియదు.

నెల తరువాత కార్డు ముక్క వచ్చింది. సన్యాసిరావు రాసింది. ఇక్కడ దించుతున్నాను.

"ఆఫీసరు గారికి నమస్కారాలు. ప్రోగ్రాం రోజున మా హోటల్లో రేడియో బల్ల మీదెట్టి గట్టిగా పెట్టినాము. వీధంతా వచ్చింది. ఆచారిగారు మనవలందర్నీ తెచ్చి ముందర కూర్చోబెట్టుకున్నారు. రేడియో గవర్నమెంటుది కాబట్టి అది ఉన్నంతసేపూ మావాళ్ళు సుత్తులు ఆపేశారు. వీధిలో ఒక్క చప్పుడు లేదు, వీధి చప్పుడంతా రేడియోలోనే వచ్చింది. ఆచారిగారు కళ్ళు తుడుచుకున్నారు, పొగ అన్నారు గాని అప్పుడు స్టవ్వు ఆపే ఉంది. నూకాలమ్మ ఒక్కతే ఊరుకోలేదు. బుట్ట నిండా చేపలున్నాయి, రేడియోకి భయపడి ఎండబెట్టుకోనా అని మధ్యలో కేకేసింది. మీ కేక బాగుందంది. కొసరు మాత్రం ఎక్కువేశారంట, ఇప్పుడందరూ ఆవిణ్ణి అంతే కొసరు అడుగుతున్నారంట. ఇంకో మాట రాయమంది. ఈసారి వస్తే మిషను తేవద్దంట. బుట్ట తెచ్చుకోమంది."